నలుచదరపు మామిడి తోట

పుట 1. రోహిణి కార్తె, ఆరో రోజు

ఈ పుస్తకంలో నలభై పుటలు. నంబర్లు ముందే వేసి ఇచ్చారు. పుట చింపకూడదు, రాసింది కొట్టేయకూడదు, మధ్యలో ఖాళీ వదలకూడదు. ఏడాదికోసారి సభ పిలిచిన రోజున నేనే నిలబడి మొదటి నుంచి పైకి చదవాలి. తీర్పు రాయడానికి మరో పది రోజులు పుస్తకం నా దగ్గర ఉంటుంది, ఆ తర్వాత పెట్టెలోకి పోతుంది. రాతమనిషి తప్ప ఆ పెట్టె ఇంకెవరూ తెరవరు.

నా పేరు సుంకమ్మ, వయసు యాభై ఆరు. ఈ కొండగట్టు మీది తోటకు రాతమనిషిని. ఇది నా పంతొమ్మిదో పుస్తకం. వెనకటి పద్దెనిమిదింటిలో ఒక్క అబద్ధం లేదు. గొప్పకు చెప్పడం లేదని రాస్తే అదే మొదటి అబద్ధం అవుతుంది, కాబట్టి గొప్పకే చెబుతున్నాను.

ఈ రోజుతో మామిడి కోత ముగిసింది. 387 చెట్లు, అన్నీ బేనీషా రకమే, అన్నీ కలిపి పదకొండు వేల కాయలు. గట్టు మీద మేం తొమ్మిది వందల మందిమి. పదేళ్ళ కిందట ఇవే చెట్లు యాభై వేలు కాశాయి. అప్పటి నుంచి ఏటా తగ్గుతూనే ఉంది. ఈసారి కాయ కూడా చిన్నది, పిడికిట్లో ఇమిడిపోతోంది. పసిపిల్లలకూ బాలింతలకూ ఏడాది పొడుగునా పెట్టే తాండ్ర ఈ తోటదే. అది కాక మేం తినేది జొన్న, మర్నాడు మళ్ళీ జొన్న.

సభ పెద్ద తిక్కస్వామి లెక్క విని గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. కోపిష్టి కాదాయన. మాట ఖర్చు పెట్టడానికి వెనకాడే మనిషి.

"వచ్చే పూత సూస్తాం సుంకమ్మా," అన్నాడు చివరికి. "పూత రాకపోతే తోట నీళ్ళు జొన్నకు తిప్పుతాం. నాకేం సంబరం కాదు. మంచు వలల్లో నీళ్ళు ఎన్ని పడతాండాయో నీకు తెలియంది కాదు గదా."

తెలుసు, పొగమంచును వలల్లో పట్టి తీసే నీళ్ళే మాకు ఆధారం, వాటిని రోజూ కొలిచేది నేనే. నీళ్ళు ఆగితే ఈ చెట్లు ఒక్క ఎండాకాలం కూడా దాటవు. గట్టు కింద ఒకప్పుడు లెక్కలేనన్ని మామిళ్ళు ఉండేవట. ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, ఆకు లేకుండా. మంచు విడిచిన ఉదయాల్లో గట్టు అంచుకు వెళ్తే కనిపిస్తాయి. నేను అటు వెళ్ళను.

పుట 5. ఆరుద్ర కార్తె, నాలుగో రోజు

నేడు తాడు రోజు. పిల్లలకు సెలవు, పెద్దలకు తగువులు.

మా తోటలో ఆరు వీధులకు ఆరు చెట్ల పట్టీలు. ఏ వీధి పట్టీలో కాసింది ఆ వీధికే. నీ చెట్టు నా చెట్టు కంటే జానెడు ఎత్తు పెరిగితే నీకు ఎండ ఎక్కువ, కాయ ఎక్కువ, నాకు కడుపుమంట ఎక్కువ. అందుకని కాయ కోత అయిన నెలకు ఆరు వీధుల పెద్దలూ వచ్చి చెట్ల నెత్తి మీదుగా ఈ కొస నుంచి ఆ కొస దాకా తాడు లాగుతారు. తాడు పైన మిగిలింది పోవాలి. పక్కల కూడా అంతే, గజం కర్రతో కొలిచి. తాడు లాగే వాళ్ళ మొహాల్లో ఉన్నంత శ్రద్ధ పెళ్ళి ముహూర్తానికి కూడా ఉండదు.

కొయ్యడం మాత్రం మనుషుల పని కాదు. కింద బతకలేక మా వాళ్ళు గట్టు ఎక్కిన మూడో ఏడు చలికి తట్టుకోలేక జనం తోట మీద పడ్డారు. ఏడు వందల చెట్లలో మూడు వందలు ఒక్క చలికాలంలో పొయ్యిల్లోకి పోయాయి. అప్పుడు పెట్టుకున్న కట్టు ఇది: మనిషి చేతి కత్తి చెట్టుకు తగలకూడదు. తగిలించిన వాళ్ళను గట్టు దింపేస్తారు. కింద ఎన్నాళ్ళు బతుకుతారో తెలియదు, తిరిగి వచ్చి చెప్పినవాళ్ళు లేరు. సభలో అబద్ధం చెప్పినా శిక్ష అదే.

కాబట్టి కొమ్మలు కొట్టేది కోత బండి. ఎండతో నడిచే బండి, దానికి పొడుగాటి చెయ్యి, చేతికి మూడు గుండ్రటి రంపాలు. పద్నాలుగేళ్ళ కిందట కుళ్ళాయప్ప వాళ్ళ నాన్న దాన్ని బాగుచేసి నడిపించాడు. ఇప్పుడు కుళ్ళాయప్ప నడుపుతున్నాడు. నలభై దాటిన మనిషి, బండిని కన్నకూతురిలా చూసుకుంటాడు. సాయంత్రానికి పట్టీలన్నీ నలుచదరంగా తేలాయి, పైన బల్లపరుపు, పక్కల గోడలు.

"సూడక్కా, తాడు తప్పిందేమో సూడు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

తప్పలేదు. ఆ మాటే రాస్తున్నాను. బండి వచ్చిన తొలి నాలుగేళ్ళు పంట ఎగబాకింది. ముప్పై అయిదేళ్ళుగా కత్తి ఎరగని ముసలి కొమ్మలు పోయి, చెట్టంతా ఒక్కసారే ఇగురు పెట్టి, ఒక్కసారే పూసింది. అందుకే దేవుడి మీద లేని నమ్మకం మా వాళ్ళకు బండి మీద ఉంది. నాకూ ఉంది.

చెట్టు 388: నీళ్ళ తొట్టి మూలన ఉంది, బండి చెయ్యి అందదు, ఏ వీధికీ చెందదు, లెక్కలో లేదు. ఏటా రాసే వాక్యమే ఇది. ఈసారి కూడా వెళ్ళి చూడకుండానే రాశాను.

పుట 14. ఉత్తర కార్తె, తొమ్మిదో రోజు

చెట్లు మళ్ళీ లేచాయి. బండి తెగ్గోసిన ప్రతి కొమ్మ చివరా ఒకటి పోయి ఆరేడు వచ్చాయి, చీపురు పుల్లల్లా నిటారుగా. ఆకు మీద ఆకు, వేలు దూర్చడానికి సందు లేదు. చూడ్డానికి పచ్చగా, బలంగా ఉంది తోట.

తగువు కూడా పచ్చగానే ఉంది. మూడో వీధి చెట్లు తాడు దాటి మూరెడు పైకి పోయాయని నాలుగో వీధివాళ్ళు సభకెక్కారు. అయితే రెండో కోత వెయ్యండని మూడో వీధివాళ్ళే రోషానికి పోయారు. చివరికి అందరూ నా మొహం చూశారు. బండి కదలాలంటే రాతమనిషి సంతకం కావాలి.

కుళ్ళాయప్ప నసిగాడు. "రెండో కోత ఎప్పుడూ ఎయ్యలేదక్కా. నాయిన గూడా ఎయ్యలేదు."

నేను ఆలోచించాను, ఆలోచించలేదని ఎవరూ అనకూడదు. ఆకు ఇంత గుబురుగా ఉంటే బలమంతా ఆకుకే పోతుంది, గుబురు తీస్తే పూతకు మళ్ళుతుంది అనుకున్నాను. వీధుల నోరు మూయించాలన్న ఆత్రం కూడా ఉంది. ఆ రెండింటిలో ఏది ఎక్కువో ఇప్పుడు చెప్పలేను.

సంతకం పెట్టాను.

పుట 17. చిత్త కార్తె, అయిదో రోజు

రెండో కోత ముగిసింది. తోటంతా సొన వాసన. ఆరు వీధుల పెద్దలూ తాడు లాగి చూసుకుని, సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు. పద్నాలుగేళ్ళలో ఎవరూ ఎవరినీ తిట్టుకోని తాడు రోజు ఇదే.

పుట 26. పూర్వాషాఢ కార్తె, ఏడో రోజు

పూత లేదు.

మూల కార్తెలోనే మొగ్గ కనిపించాలి. ఆలస్యమైందని నాకు నేను సర్ది చెప్పుకుంటూ వచ్చాను. ఈ రోజు ఆరు పట్టీలూ నడిచాను. పూత రావాల్సిన కొసల్లో ఎర్రటి లేత ఇగురు వస్తోంది. చూస్తే కడుపు నిండేంత అందంగా ఉంది, కాయ ఒక్కటీ ఇవ్వదు.

చెట్టు 114 లోపలికి దూరాను. పద్నాలుగేళ్ళుగా ఈ చెట్లను బయటి నుంచే చూశాను. గోడలాంటి ఆకును రెండు చేతులతో చీల్చుకుని లోపలికి పోతే మిట్టమధ్యాహ్నం మసక. పైపైన చేయి పొడుగు మందం మాత్రమే ఆకు. దాని లోపల ఒక్క పచ్చటి ఆకు లేదు, అంతా ఎండుపుల్లలు, చెదపొడి. ముట్టుకుంటే విరిగిపోయాయి. నెత్తి నిండా పొడి రాలింది. చెట్టు మధ్యలోనే కూర్చున్నాను.

అక్కడ కూర్చుంటే తెలిసింది. మామిడి పూసేది కొమ్మ కొసన. ఆ కొస అయిదారు నెలలు ముదిరితే గాని పూయదు. మేం ఏటా కొసలే కోశాం. కోసినకొద్దీ పైన గుబురు పెరిగి లోపలికి ఎండ పోకుండా చేసింది, లోపల ఉన్నది చచ్చిపోయింది, కాయడానికి మిగిలింది ఆ పైతోలు ఒక్కటే. దాన్ని కూడా చిత్త కార్తెలో నేను గొరిగించాను. ఇప్పుడున్న కొమ్మల వయసు రెండు నెలలు, అవి ఎలా పూస్తాయి?

సభ పిలవడానికి రెండు నెలలుంది. సంతకం నాది.

పుట 28. ఉత్తరాషాఢ కార్తె, మూడో రోజు

ఈ పుట సంతోషంతో రాస్తున్నాను.

తొట్టి గోడకు పగులు వచ్చిందంటే చూడ్డానికి వెళ్ళాను. తొట్టి ఆవరణలోకి కావలి మనిషి, నేను తప్ప ఎవరూ రాకూడదు, నేనైనా ఏడాదికి రెండుసార్లు తొట్టి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేస్తాను. ఈ రోజు గోడ చుట్టూ తిరిగి వెనక్కు వెళ్తే తేనెటీగల రొద. తలెత్తి చూశాను. 388 నిలువెల్లా పూసి ఉంది. పైన, పక్కల, లోపల, కింది కొమ్మల్లో కూడా. ఆకు కంటే పూతే ఎక్కువ.

ఆవరణ గోడకు అవతల, దాని పక్కదే 387. అదే తొట్టి తేమ, అదే మట్టి, అదే అంటు. దానికి ఒక్క పూత లేదు.

తోటను నిలబెట్టే చెట్టు ఇదేనని రాస్తున్నాను. పూత రాని తోట కాదు మాది, పూత రానివ్వని తోట. ఎందుకు పూసిందో రేపు చెట్టులోకి వెళ్ళి చూసి తర్వాతి పుటలో రాస్తాను.

పుట 29. ఉత్తరాషాఢ కార్తె, నాలుగో రోజు

చూసి రాస్తానని నిన్న రాసేశాను. రాయకపోతే నిన్నటి పుట అబద్ధం అవుతుంది. రాస్తే ఏమవుతుందో తెలిసి రాస్తున్నాను.

388 లోపలికి ఎవరూ దూరనక్కర్లేదు, నడిచి వెళ్ళొచ్చు. నడుమ ఉండాల్సిన పెద్ద కొమ్మ లేదు. మిగతా నాలుగు కొమ్మలు నాలుగు వైపులకు తెరుచుకుని, మొదలు దాకా ఎండ పడుతోంది. అక్కడక్కడా కొమ్మలు తీసేసిన గుర్తులు. బండి ఎక్కడ దారికి అడ్డం వస్తే అక్కడ తెంచుతుంది, చివర నలిగి చీలుతుంది. ఇవి అలా లేవు. కొమ్మ పుట్టిన చోటు దగ్గర, ఉబ్బెత్తుగా ఉండే మెడ వదిలిపెట్టి, నున్నగా కోసిన కోతలు. చుట్టూ కొత్త బెరడు ఉంగరంలా కమ్ముకుని మూసేసింది. కొన్ని పాతవి, కొన్ని మొన్నటి ఆషాఢానివి.

అవి చేతి కోతలు. వేలితో తడిమి చూస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఆ కొమ్మ తీసి ఎనిమిదేండ్లాయ పాపా. మానేదానికి మూడేండ్లు పట్టింది."

తొట్టి కావలి ఉసేనమ్మ. అరవై ఆరేళ్ళుంటాయి, మా అమ్మకు స్నేహితురాలు. నేను అత్తా అని పిలుస్తాను. చేతిలో నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. భయపడుతున్నట్టు లేదు, బాగా అలిసిపోయినట్టు ఉంది.

"నువ్వా అత్తా?"

"ఇంకెవరుండారు ఈడ?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేండ్లు. మా అబ్బ కింద ఉన్నప్పుడు మామిడి అంట్లు కట్టేటోడు. నాకు కొయ్యేది నేర్పిచ్చినాడు. గట్టు ఎక్కినాంక నలభై ఏండ్లు చేతులు కట్టేసుకోని కూర్చుంటి. మీరు బండి పెట్టి చెట్లను పెట్టెల మాదిరి గొరిగిస్తాంటే సూడలేకపోతి. ఈ ఒక్కదానికి బండి రాదు, మీ తాడు రాదు. చెట్టు కడుపులో ఎండ పడాల పాపా. ఎండ పడని కొమ్మ ఎందుకు కాస్తాది?"

"కాయలు ఏం చేశావు?"

"కోత నాడు ఆరో వీధి గంపల్లో కలిపేస్తాంటి. నేనొక్కటి గూడా తిన్లేదు." మళ్ళీ తనే అంది: "ఒకటి తింటి, మొదటి ఏడు. అదీ రాసుకో."

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నిన్న రాసిన పుట గురించి చెప్పాను. రాసే ముందు ఒక్కపూట ఆగి ఉంటే సరిపోయేది. పూత కనిపించగానే ఒళ్ళు మరిచి రాసేశాను.

"అయితే రాయి," అంది ఉసేనమ్మ. "నా కోసం నీ పుస్తకంలో అబద్ధం ఎక్కిచ్చొద్దు. నాకు ఈడు అయిపోయింది."

ఇదీ సంగతి. ఈ చెట్టు ఎలా పూసిందో సభకు చెప్పకపోతే తోటకు నీళ్ళు ఆగిపోతాయి. చెబితే ఉసేనమ్మను దింపేస్తారు. మూడో దారి కోసం పొద్దంతా వెతికాను, దొరకలేదు. అయినా రాశాను, ఎందుకంటే ఇది జరిగింది.

పుట 33. ధనిష్ఠ కార్తె, పదో రోజు

388కు పిందె నిలిచింది. తక్కిన తోటంతా ఆకే.

ఇరవై రోజులుగా తొట్టి పగులు వంకతో ఉసేనమ్మ దగ్గరికి పోతున్నాను. నాకు నేర్పమని అడిగాను. నేను నేర్చుకుంటే, సభ ఆమెను ఏం చేసినా పని మిగులుతుందని నా ఆశ. ఆ ఆశ వెనక ఆమెను నేను అప్పుడే వదిలేసుకున్నానన్నది నాకు తర్వాత తట్టింది. సిగ్గేసింది.

"ముందు చెట్టు సుట్టూ తిరుగు," అంది. తిరిగాను. "ఇప్పుడు ఏ కొమ్మ పోవాల?"

నాకు అన్ని కొమ్మలూ ఉండాల్సినవే అనిపించాయి. మళ్ళీ తిరిగాను. ఒకటి చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అది రెండేళ్ళ తర్వాత కాయబోయే కొమ్మట. ఎండు కొమ్మ ఒకటి నా చేత కోయిస్తే మొద్దు వదిలేశాను. ఇంకొకటి కోయిస్తే మెడ తెగింది. ఆమె విసుక్కోలేదు, అది ఇంకా బాధగా ఉంది.

"ఎన్నాళ్ళు పడుతుంది అత్తా?"

"సేతికి రావాలంటే పదేండ్లు. కంటికి రావాలంటే ఇంకా ఎక్కువ."

387 చెట్లను లోపలి నుంచి తెరవాలి. ఒక్కసారిగా తెరిస్తే ఎండకు కొమ్మలు మాడిపోతాయట, మూడేళ్ళ మీద కొంచెం కొంచెంగా తియ్యాలట. ఇది ఒక్క మనిషికి తెలిసిన పని, ఆ మనిషి ఉసేనమ్మ. నాకు రాయడం వచ్చు. రాసేవాళ్ళు ఇంకొకరు దొరుకుతారు.

సాయంత్రం కుళ్ళాయప్పకు చెట్టు 114 లోపల చూపించాను. బయటికి వచ్చి బండి చక్రం మీద కూర్చున్నాడు.

"నా బండి చంపిందా అక్కా?"

"బండి చెప్పిన పని చేసింది. చెప్పింది మేము. రెండో కోత చెప్పింది నేను."

"మా నాయిన సచ్చేటప్పుడు గూడా తాడు తిన్నగా ఉండాదా అని అడిగినాడు," అన్నాడు. ఇంటికి పోతూ బండికి గుడ్డ కప్పడం మరిచిపోయాడు.

పుట 36. పూర్వాభాద్ర కార్తె, ఎనిమిదో రోజు

సభ జరిగింది. అన్నీ వరసగా రాస్తాను.

ఉదయం తొమ్మిది గంటలకు చదవడం మొదలుపెట్టాను. పుట 5లో 388 మాట, పుట 26లో నాకు అప్పుడే తెలిసిందన్న మాట దాటేసి, మొదటి పుట నుంచి పుట 26 దాకా తక్కినది ఉన్నది ఉన్నట్టు చదివాను. నా సంతకం ఉన్న వాక్యం రెండుసార్లు చదివాను. పుట 28లో ఉన్న ఆశ్చర్యమంతా మింగేసి, చెట్టు పూసిందని మాత్రం అన్నాను. పుట 29లో మా మాటలు వదిలేసి, ఆ కోతలు పదకొండేళ్ళుగా నేను కోసినవని చదివాను. పుట 33 ఎగరేశాను. పుస్తకం నా ఒక్కదాని చేతిలోనే ఉంటుంది, ఎవరూ తొంగిచూడలేదు. పద్దెనిమిది పుస్తకాల నా పేరు అందుకు పనికొచ్చింది.

తిక్కస్వామి నా వైపు అట్లాగే చూశాడు.

"నువ్వు కోసినావా?"

"నేనే స్వామన్నా."

"తొట్టి పక్కన చెట్టు. నీళ్ళు ఎక్కువ తాగి పూసిందేమో."

"387 కూడా తొట్టి పక్కదే. దానికి పూత లేదు. తేడా కోతలోనే ఉంది."

"సూపియ్యి."

సభంతా లేచి తొట్టి ఆవరణకు నడిచింది. పుట్టి బుద్ధెరిగాక అంతమంది అక్కడికి రావడం ఇదే. చెట్టు కింద గుంపు నిలబడి, కోడిగుడ్డంత కాయల గుత్తుల్ని తలెత్తి చూసింది. బాలింత ఒకామె కాయ మీద చెయ్యి వేసి తీసేసింది. తర్వాత అందరూ పక్కనున్న 387 చూశారు, నున్నగా, నలుచదరంగా, ఒట్టిగా.

తొట్టి మెట్టు మీద ఉసేనమ్మ నిలబడి ఉంది. సుంకమ్మ కోసిందంట అని గుంపులో ఎవరో అంటే ఆమెకు వినబడింది. ఆమె నోరు తెరిచింది. నేను ఆమెనే చూస్తున్నాను. ఆమె నిజం చెబితే కోసినందుకు ఆమె, అబద్ధం చెప్పినందుకు నేను, ఇద్దరమూ పోతాం, ఈ చెట్లను తెరిచే చెయ్యి గట్టు మీద మిగలదు. అది నా కంటే ముందే ఆమెకు అర్థమైంది. నోరు మూసుకుని మెట్టు మీద కూలబడింది.

తిక్కస్వామి నా చేతికి రంపం ఇప్పించాడు. "ఒక కొమ్మ కొయ్యి. సూస్తాం."

చెమటకు రంపం పిడి జారిపోయింది. ఎండు కొమ్మ ఒకటి ఎంచుకున్నాను, బొటనవేలు ఎక్కడ పెట్టాలో మరిచిపోయాను. కుళ్ళాయప్ప గుంపులోంచి వచ్చి కొమ్మ పట్టుకుంటానన్నాడు. పట్టుకుంటూ నా వేలును మెల్లగా పక్కకు జరిపాడు. రంపాలతో బతికిన మనిషి, ఆ కోతలు కోసిన చెయ్యి నాది కాదని చూడగానే తెలిసిపోయి ఉంటుంది. తన బండిని నిలబెట్టుకోవాలంటే అతనికి ఒక్క మాట చాలు. కొమ్మ తెగి పడేదాకా పట్టుకుని, వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

తీర్పు: తోటకు నీళ్ళు మరి మూడేళ్ళు ఆగవు. తాడు కట్టడం ఆగుతుంది, బండి ఆగుతుంది. ఇక మీదట రాతమనిషి ఎదుట, సభ ఎంచిన చేత్తో కొయ్యవచ్చు.

"ఎవరి చెయ్యి?" అన్నాడు తిక్కస్వామి. "నిన్ను ఉంచేదానికి లేదు గదా."

"నేను కోస్తుంటే ఉసేనమ్మ చూసేది. వాళ్ళ అబ్బ కింద మామిడి అంట్లు కట్టేవాడు. ఆమెకు వస్తుంది."

ఆయన ఉసేనమ్మను అడిగాడు. ఆమె తల ఎత్తకుండానే ఊపింది.

తర్వాత నా సంగతి. కట్టు ఇప్పుడు మారింది, నేను కోసినప్పుడు మారలేదు. "నీ ఒక్కదానికి తప్పిచ్చినానంటే, చలికాలానికి ఎవడి పొయ్యిలోకి ఏ చెట్టు పోతాదో నాకు తెల్దు సుంకమ్మా," అన్నాడు. ఆయన అన్నది సబబే. ఎనిమిది రోజులు గడువిచ్చారు.

పుట 38. పూర్వాభాద్ర కార్తె, తొమ్మిదో రోజు

ఉసేనమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి తిట్టింది. ఆమె నోట అలాంటి మాటలు ఎప్పుడూ వినలేదు.

"నేను అడిగినానా నిన్ను? నా సావు నన్ను సావనియ్యకుండా జేస్తివి."

"నువ్వు పోతే చెట్లు పోతాయి అత్తా. నేను పోతే రాత పోతుంది, అంతే."

"లెక్కలు సెప్పొద్దు. అరవై ఆరేండ్ల ముసిల్దాన్ని నిలబెట్టి నువ్వు దిగుతావా?"

"చిత్త కార్తెలో సంతకం పెట్టింది నేను."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

సంబంధం ఉందని నాకనిపిస్తుంది, అంతే. ఆమె లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి తీసుకుంది. రంపం పట్టినచోట బొబ్బ లేచింది. దాని మీద ఊదింది. "పిడి ఇంత గట్టిగా పట్టుకుంటారా ఎవరైనా," అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని లేచి, రేపు ఏ పట్టీ నుంచి మొదలుపెట్టాలో అడిగింది. మూడో వీధి నుంచి అన్నాను, ఎక్కువ ఎండిపోయింది అదే.

పుట 40. ఉత్తరాభాద్ర కార్తె, మూడో రోజు

ఇది చివరి పుట. రేపు తెల్లవారి దిగాలి.

కొత్త రాతమనిషిగా సభ కుళ్ళాయప్పను పెట్టింది, బండి ఆగాక అతనికి పని లేదని. రాత మెల్లగా వస్తుందిగాని నిదానం మనిషి. కుళ్ళాయప్పా, పెట్టె తెరిచి ముందుగా ఇదే చదువుతావు కాబట్టి నీకే రాస్తున్నాను. పుట 29లో ఉన్నది నిజం, సభలో నేను చదివింది అబద్ధం. నీకు ముందే తెలుసు. ఉసేనమ్మ ఉన్నన్నాళ్ళు దాన్ని నీ కడుపులో పెట్టుకో. ఆమె పోయాక సభ పిలిచి పైకి చదువు. ఆ చెట్టును పదకొండేళ్ళు పెంచిన మనిషెవరో అందరికీ తెలియాలి.

ఆమె చేతి పని చూస్తూ ఉండు. ఏ కొమ్మ తీసింది, ఎందుకు తీసింది, ప్రతిదీ అడిగి రాయి. విసుక్కోదు. తాండ్ర తిని పెరిగే పిల్లల్లో ఒకరిద్దరిని పిలిచి ఆమె పక్కన నిలబెట్టు. ఒక్క మనిషికి తెలిసిన పని మీద తోట నిలబడకూడదు.

మూడో వీధి పట్టీలో ఉసేనమ్మ ఇప్పటికి పదకొండు చెట్లను మొదటి విడతగా తెరిచింది. పొద్దున వెళ్ళి చూశాను. మొదళ్ళ దగ్గర ఎండ పడుతోంది. వచ్చే ఏడు పూస్తాయో లేదో తెలియదు, ఆమె రెండేళ్ళు అంటోంది. నేను చూడను.

నీళ్ళు రెండు తిత్తులు ఇచ్చారు, జొన్నపిండి ఇచ్చారు. ధైర్యంగా ఉన్నానని రాద్దామనుకుని కలం ఎత్తాను. నాకు భయంగా ఉంది.